తడిగోనె మీద నా చోటు

మొన్న ఏలూరు చేపల బజారులో మంచుదిమ్మ మీద కప్పిన తడిగోనె వాసన, ఆ పక్కనే ఎవరో మొరాయించిన స్కూటర్ని పక్కకి వాల్చి మళ్ళీ స్టార్టు చేస్తుంటే కారిన పెట్రోలు వాసన, రెండూ ఒక్క గాలిలో కలిసొచ్చి ముక్కుకి తగిలేసరికి, కొర్రమీను సంచి చేత్తో పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. చేపలామె "ఏవండీ, కాస్త పక్కకి జరగండి, బేరాలొస్తన్నాయి" అని రెండుసార్లు అందట, నాకు వినపడలేదు. ఆ రెండు వాసనలూ కలిస్తే నా మటుకు నాకు అది మా నాన్న వ్యాను.

గుండుగొలనులో మా పెంకుటింటి పక్కన తాటాకు పాక వేసి అందులో పెట్టేవాడు దాన్ని. మాకు రాకముందే ఇద్దరి చేతులు మారిన పెట్రోలు బండి, ముక్కు లేని మొహం, ఒకప్పుడు నీలం రంగు. వారం పొడుగునా బాడుగలకి తిప్పేవాడు. గూడెం బజారుకి ఉల్లిపాయల మనుషులు, ఏలూరు ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, కొల్లేటికోట అమ్మవారికి మొక్కులున్నవాళ్ళు, అందరూ మా బండే ఎక్కేవారు. ఆదివారం ఒక్కరోజు మాత్రం అది మాది. నాన్న నన్నూ నాయనమ్మనీ ఎక్కించుకుని కొల్లేటి గట్ల మీదుగా మా మేనత్త ఊరికి తీసుకెళ్ళేవాడు. చలికాలం పొద్దున్న మంచు ఇంకా నీళ్ళ మీదే ఉండగా గూడబాతులు ఒక్కుమ్మడిగా లేచేవి, దోనెల్లో వలలు దులిపేవాళ్ళు నాన్నని చూసి తెడ్డు పైకెత్తేవారు, మేనత్త మాకోసం చింతకాయ వేసి చిన్న రొయ్యలు వండి ఉట్టి మీద పెట్టేది. ఆ ఆదివారాల కోసమే నేను బడికి వెళ్ళేదాన్నంటే అబద్ధం కాదు. బడి ఎలాగూ అయిదో తరగతితో సరి.

ఆ బండికి ఇంజను ముందు సీట్ల మధ్యలో ఉండేది, మీద ఇనప మూత. నాన్న అటు, కిటికీ పక్కన నాయనమ్మ ఇటు, మధ్యలో ఆ మూత మీద నేను. అది నా సింహాసనం. కాకపోతే రెండు మైళ్ళు పోయేసరికి పెనంలా కాలేది. అందుకని నాయనమ్మ బయల్దేరేముందు ధాన్యం గోనె ఒకటి నాలుగు మడతలు వేసి మూత మీద పరిచి, ఇత్తడి చెంబుడు నీళ్ళు దాని మీద గుమ్మరించి, అరచేత్తో నాలుగు వైపులా ఒత్తి, అప్పుడు నన్నెక్కమనేది. "పిల్లదాని తొడలు కాలతాయిరా" అని ఇంకో అరచెంబు కూడా పోసేది. ఆ గోనె ఆవిర్లు కక్కుతూ, మట్టీ ధాన్యం పొట్టూ పెట్రోలూ కలిసిన వాసన కొడుతూ ఉంటే, తడిసిన పరికిణీతో నేను దాని మీద రాణీలా కూర్చునేదాన్ని.

ఒక మాఘమాసంలో బండి మొరాయించడం మొదలుపెట్టింది. గట్టు మీద బాతులు అడ్డొచ్చి నెమ్మది చేస్తే చాలు, ఇంజను ఒక దెబ్బ మింగేసేది, మిస్సింగు అంటారు దాన్ని. డుగు డుగు మంటున్నదల్లా గతుక్కుమని, మొత్తం బండి వణికి, ఒక్కోసారి ఆగిపోయేది. అదే హైవే ఎక్కి వేగం అందుకుంటే ఏమీ ఎరగనట్టు పోయేది. పైగా రోజూ కాదు, ఒకరోజు ఉంటే నాలుగు రోజులు ఉండేది కాదు. నాన్న గూడెంలో మెకానిక్కుకి చూపించాడు. ఆయన ప్లగ్గులు మార్చాడు, ఇంకోసారి కార్బొరేటరు విప్పి కడిగాడు, తనే తోలుకుని ఊరంతా తిరిగొచ్చి, "మిస్సింగు లేదు ఏమీ లేదండీ, బండి బంగారంలా ఉంది" అని తాళాలు చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం మళ్ళీ గట్టు మీద ఆగింది.

అప్పుడు నాయనమ్మ నా పేరెత్తి వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మొన్నాదివారం మంగ ఎక్కింది, ఆగింది. బుధవారం దీన్ని ఏలూరు తీసుకెళ్ళావు, నేనూ ఉన్నాను, ఆగింది. శుక్రవారం పెళ్ళివారితో వెళ్ళావు, మంగ లేదు, ఆగలేదు." కణుపులన్నీ అయిపోయాక నాకేసి చూడలేదు, గోడకేసి చూసింది. "పాదం, నాయనా. పిల్లదాని పాదం బండికి పడలేదు." అమ్మ వంటింట్లోంచి "చాల్లెండి అత్తయ్యగారూ" అంది గానీ, ఆ చాల్లెండిలో బలం లేదు. ఎందుకంటే లెక్క నిజం. నేను కూడా లెక్కపెట్టుకున్నాను, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎనిమిదేళ్ళ పిల్లకి తన పాదాలు తనే చూసుకుని భయపడ్డం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కుడికాలు ముందు పెట్టి ఎక్కి చూశాను. పసుపు రాసుకుని ఎక్కాను. ఒకసారి మోకాళ్ళ మీద పాక్కుంటూ ఎక్కాను, పాదం తగలకుండా. ఆ రోజూ ఆగింది. పక్షం రోజుల్లో కొల్లేటికోట తిరణాల ఉంది, ఇంటిల్లిపాదీ వ్యానులో వెళ్ళాలి. నన్ను పక్కింటి సూరమ్మ గారి దగ్గర ఉంచుదామని నాయనమ్మ, ఉంచొద్దని అమ్మ. ఇద్దరి మధ్యా నాన్న అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నాడు. "నేను సూరమ్మ గారింట్లోనే ఉంటాను" అన్నాను నేనే. అందరి ముందూ ఆగిపోతే, ఆ తర్వాత ఎవరూ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళరని నా భయం.

మర్నాడు నాన్న ఏలూరులో మస్తాన్ గారి దగ్గరికి వెళ్ళాడు. కాలవ పక్కన రేకుల షెడ్డు ఆయనది, తెల్లగడ్డం, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. అక్కడ ఏం జరిగిందో నాన్న తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన మూత ఎత్తనే లేదట. "ఎప్పుడు ఆగుతుందో అందరూ చెబుతారండీ, ఎప్పుడు ఆగదో చెప్పండి" అన్నాడట. నాన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా అమ్మాయి ఎక్కకపోతే ఆగదండి" అన్నాడట. నవ్వుతాడేమో అనుకుంటే, మస్తాన్ గారు పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకుని, "అయితే అమ్మాయి గారిని తీసుకురండి. మీరు ఆదివారం ఎలా బయల్దేరతారో అచ్చం అలాగే రండి. ఎవరి చోటు వాళ్ళదే, ఏదీ మానొద్దు" అన్నాడట.

అలాగే వెళ్ళాం. నాయనమ్మ చెంబుతో సహా. మస్తాన్ గారు వెనక సీటులో కూర్చుని ముందుకి వంగి, కాలవ గట్టు మీద నెమ్మదిగా తోలమన్నాడు. వంతెన దగ్గర గతుక్కుమంది, వణికింది. నాకు దుఃఖం పొంగింది. ఎవరూ చెప్పకుండానే దిగిపోయాను. "చూశారా?" అంది నాయనమ్మ, గెలిచినట్టు కాదు, ఏడుపుగొంతుతో. "చూస్తన్నానమ్మా. అమ్మాయి గారు దిగారుగా, పోనివ్వండి" అన్నాడాయన. నేను రోడ్డు మీద నిలబడి చూస్తుండగా బండి పది బారలు పోయి మళ్ళీ గతుక్కుమంది. నేను లేకుండా! అంత సంతోషం నాకు ఆ తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

మస్తాన్ గారు నన్ను పిలిచి ఎక్కించబోతూ గోనె మీద చెయ్యి వేసి ఆగాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు, నీళ్ళు కారుతున్నాయి. "ఇది ఎప్పుడూ ఉంటుందా?" అని అడిగితే, "పిల్ల కూర్చుంటేనేనండి, కాలుద్దని" అంది నాయనమ్మ. ఆయన బండిని షెడ్డులోకి తోలించి, మూత ఎత్తి, మిట్టమధ్యాహ్నం రేకు తలుపులు మూయించాడు. లోపలంతా చిమ్మచీకటి, గుయ్యారమైపోయింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా అదే గోనెని పైన పట్టుకుని పిండాడు. ఒక్క చుక్క ఒక నల్ల వైరు మీద పడింది, అంతే, మిణుగురులా నీలం మెరుపు టిక్కుమని పక్కకి దూకింది, ఇంజను గతుక్కుమంది. "అమ్మాయి గారూ, అదిగో మీ పాదం" అన్నాడు.

వైరు తోలు ఎక్కడో పగిలిందట. ప్లగ్గుకి పోవాల్సిన నిప్పు తడి తగిలితే దార్లోనే కారిపోతోందట. మూత చుట్టూ రబ్బరు అరిగి నీళ్ళు లోపలికి దిగుతున్నాయట. వేగంగా పోతే గాలికి చుక్క ఎగిరిపోతుంది, వైరు ఆరిపోతుంది. గోనె లేకుండా తోలిన గూడెం మెకానిక్కుకి జబ్బు కనిపించకపోవడం ఆయన తప్పేమీ కాదు. కొత్త వైరు వేసి, రబ్బరు పట్టీ మార్చి, మూత బిగించి, మస్తాన్ గారు తన టీ గ్లాసు దాని మీద పెట్టాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే ఉంది, టీ తొణకలేదు. నాన్న ఆ గ్లాసుకేసి ఎంతసేపు చూశాడో, ఆఖరికి కండువాతో మొహం అంతా తుడుచుకున్నాడు.

నాయనమ్మ షెడ్డు గుమ్మంలో చతికిలబడింది. "నా చేతుల్తో నేనే పోశానటండీ నీళ్ళు?"

"ప్రేమ ఎక్కువైందమ్మా, అరచెంబు తగ్గించాల్సింది" అన్నాడు మస్తాన్ గారు.

తిరణాల రోజున పాకలో అందరం ఎక్కుతుంటే నాయనమ్మ తను ముందెక్కి, దుప్పటి మడిచి ఇంజను మూత మీద వేసుకుని, తనే కూర్చుంది. "అదేటమ్మా?" అన్నాడు నాన్న. "కాలితే నాకే కాలుద్దిలే, పోనియ్. పిల్ల కిటికీ పక్కన కూచుంటది." కొల్లేటికోట దాకా నిప్పుల మీద కూర్చున్నట్టు అటూ ఇటూ కదులుతూనే ఉంది, చోటు మాత్రం మారలేదు. జనం తొక్కిడిలో బండి అడుగులో అడుగు వేస్తూ నడిచింది, ఒక్కసారీ ఆగలేదు. దిగగానే నాకు జీళ్ళు కొనిచ్చి, నా పాదాల దుమ్ము తన కొంగుతో దులిపింది. క్షమించమని ఆవిడ అనలేదు, నేను అనుకోనూ లేదు.

ఇప్పుడు ధాన్యానికి ప్లాస్టిక్ సంచులే, ఆవిర్లు కక్కే గోనె చూడాలంటే చేపల బజారుకే రావాలి. మస్తాన్ గారి షెడ్డు చోట సెల్‌ఫోన్ల కొట్టు, నీళ్ళలో దోనెల బదులు గట్ల మీద చేపల చెరువులకి మేత మోసే లారీలు. నాన్నా లేడు, నాయనమ్మా లేదు, పిల్లల్ని కూర్చోబెట్టుకునే ఇంజను మూతలూ లేవు.

మొన్న చేపలు కొనుక్కుని ఆటో ఎక్కాను. రైలుగేటు దగ్గర నెమ్మది చేయగానే అది రెండుసార్లు దగ్గింది. ఆటో అబ్బాయి అద్దంలోంచి నాకేసి చూసి, "మీరెక్కిందాకా బాగానే ఉందండీ!" అన్నాడు సరదాకి. నేను కాళ్ళు ముడుచుకోలేదు. నీళ్ళోడుతున్న కొర్రమీను సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "ముందు తడి ఎక్కడికి కారిందో చూడు నాయనా" అన్నాను.