నిమ్ముకి కీమో ఏంటండీ?

మైత్రీవనంలోని కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసు చెబుతూ దగ్గాను. కర్చీఫ్‌లో నెత్తురు. దగ్గు మొదలై అప్పటికే చాలా రోజులైంది. ఏసీ పడలేదని ఒకరు, అరిచి అరిచి గొంతు పాడైందని ఒకరు తేల్చేశారు. మొదట చూసిన డాక్టరైతే ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టేశారు. కఫం పరీక్షలో ఏమీ రాలేదు కదా అంటే, "ఒక్కోసారి రాదమ్మా" అన్నారు. మాత్రలు మింగుతూ చిక్కిపోయాను.

చివరికి పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో సీటీ, బయాప్సీ చేశారు. రిపోర్టు రోజున, "పేషెంట్ బయట కూర్చోండి, అటెండెంట్ రండి" అన్నారు. మా ఆయన లోపలికెళ్లి, మొహం తుడుచుకుంటూ వచ్చారు.

"నిమ్ము ముదిరిందట. ఇంజక్షన్లు ఇస్తారట. ఆషాఢం వెళ్లనీ, మొదలుపెడదాం."

నిమ్ముకి మంచిరోజులేంటో నాకర్థం కాలేదు. అడిగితే, "నువ్వు రెస్ట్ తీసుకో" అనేవారు. నేను గదిలోకి వస్తే ఫోన్లో మాటలు ఆగిపోయేవి. ఒళ్లు మండిపోయేది.

ఆషాఢం ఇంకా నడుస్తోంది, బల్కంపేటలో ఎల్లమ్మ కల్యాణం మైకులు మోగుతుండగా ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"మేడమ్, కీమోకు డేట్ ఇచ్చినం గదా, ఎందుకు రాలే?"

"నిమ్ముకి కీమో ఏంటండీ?"

"జర సార్‌తోని మాట్లాడుండ్రి మేడమ్" అని పెట్టేసింది.

ఆటో ఎక్కి ఒక్కదాన్నే వెళ్లాను. "లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా. లంగ్ క్యాన్సర్లో అరుదైన రకం. చాలా స్పీడుగా పెరుగుతుంది. ఈపాటికే కీమో మొదలవ్వాల్సింది" అన్నారు డాక్టరుగారు. "మీకు చెప్పొద్దని మీవారు..."

"ఊపిరితిత్తులు ఆయనవా?" అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. భయం కొంత, కోపం ఎక్కువ.

ఆషాఢంలోనే కీమో, ఆ తర్వాత రేడియేషన్. మధ్యలో తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయి, జ్వరంతో ఐసీయూలో చేరాను. గొంతు పుండై మింగలేకపోతే మా ఆయన చెంచాతో మజ్జిగ పట్టేవారు. "నువ్వు తట్టుకోలేవనుకున్నా" అన్నారొకరోజు.

"తట్టుకోలేనిది ఎవరు?" అన్నాను. ఆయన చెంచా పక్కన పెట్టేసి ఏడ్చారు.

ఇప్పుడు స్కాన్లో కొత్తగా ఏమీ లేదు. రోజూ ఒక్క క్లాసు, కూర్చునే చెబుతున్నాను. "తిరగబెట్టొచ్చు, రివ్యూ మానొద్దు" అంటారు డాక్టరుగారు. నా మొహం చూసే అంటారు. భయమేస్తుంది, అయినా అదే నయం.

మీకు చెప్పేది ఒకటే. నా రిపోర్టు నాకే చెప్పండి అని మొదటిరోజే డాక్టరుకి మీ నోటితో చెప్పండి.

మొన్న రివ్యూకి వెళ్తే ఎవరో కొత్త నర్సు, "పేషెంట్ బయట కూర్చోండి" అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "లేదండీ, బయట నేను కూర్చుంటాను" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను.