మైసయ్య చేతి కొబ్బరికాయ

సిద్దిపేటల హైదరాబాద్ రోడ్డు పక్కన మైసయ్య మెకానిక్ షెడ్డు ముప్పై ఏండ్ల నుంచి ఉన్నది. పొద్దున షట్టరు ఎత్తంగనే కొమురవెల్లి మల్లన్న పటానికి దీపం పెడ్తడు. పానా పట్టుకునుడు ఆ తర్వాతనే. బండి మొరాయిస్తే పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకొని, కండ్లు మూసుకొని వింటడు. "మూడో సిలిండరు దగ్గుతున్నది" అంటడు. విప్పి చూస్తే అట్లనే ఉంటది.

ఇప్పుడొచ్చే బండ్లు తమ రోగాన్ని కంప్యూటరుకే చెప్పుకుంటున్నయి. మైసయ్యకు మిగిలిన పాత బండ్లల్ల జగదేవ్‌పూర్ రైతు గజేందర్ జీపు ఒకటి. డీజిల్ టాంకి కారితే తోవలనే సబ్బు పూసి ఇంటికి చేర్చిన రోజులున్నయి. గజేందర్ బిడ్డ సౌమ్యకు నడుము ఆపరేషనయినంక ఆ జీపు కుదుపులు ఓర్చుకునుడు కష్టమయింది. గజేందర్ జీపు ఇచ్చేసి కొత్త కారు తీసుకున్నడు. షోరూము నుంచి నేరుగ షెడ్డు కాడికే తెచ్చిండు.

"అన్నా, నీ చేతి కాయ పడనిది దీన్ని ఊరికి తీస్కపోను."

మైసయ్య మనసుల ఒకటే కోరిక. ఈ బండి గూడ తన చేతి కిందనే ఉండాలె. కాళ్లు చేతులు కడుక్కొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ ఎత్తి పసుపు కుంకుమ బొట్లు పెట్టిండు. ప్రతి దసరాకు జీపుకు చేసినట్టే కాయ కొట్టి, నీళ్లు ఇంజన్ మీద పోసిండు.

గజేందర్ బటన్ నొక్కిండు. ముందర ఎర్ర లైట్లన్నీ వెలిగినయి గని ఇంజన్ లేవలే.

అలవాటు కొద్ది మైసయ్య స్క్రూడ్రైవరు తీసిండు. ఆనిద్దామంటే జాగ దొరకలే, అంతా నల్లటి ప్లాస్టిక్ మూత.

వెనుక సీట్ల కూసున్న సౌమ్య నవ్వింది. "పెద్దబాపూ, జీపయితే ఈ పాటికి మా బాపుతోటి తోపిస్తుంటివి."

"దీన్ని తోస్తే గూడ లేవదంట బిడ్డా."

ఫోన్ చేస్తే షోరూము నుంచి కృప అనే మెకానిక్ స్కూటీ మీద వచ్చింది. వైరు పెట్టి లాప్‌టాప్ చూసి, "ఇంజన్ మీద నీళ్లెవరు పోసిన్రు?" అన్నది.

"నేనే," అన్నడు గజేందర్ గబుక్కున.

"అబద్ధమెందుకు తమ్మీ? పోసింది నేను బిడ్డా," అన్నడు మైసయ్య.

"ఇట్లాంటిది వారానికొకటి వస్తది కాకా. మొన్న ఒకాయన పాలు పోసిండు, అవన్నీ విరిగి లోపల అంటుకున్నయి. నీళ్లే నయం." ఆమె లోపల వేలు పెట్టి చూసింది. "ఈ వైరు మూత మా షోరూమోళ్లే సరిగ్గ బిగియ్యలే. తప్పు మాది గూడ. మీ కాడ గాలి మిషన్ ఉన్నదా?"

మైసయ్య పైపు తెచ్చిచ్చిండు. ఆమె మెల్లగ గాలి కొట్టి ఆరబెట్టి, మూత బిగించి, లోపలికి వంగి బటన్ నొక్కింది.

"ఇగ స్టార్ట్ చెయ్యి బిడ్డా," అన్నడు మైసయ్య.

"నడుస్తనే ఉన్నది కాకా."

మైసయ్య రేకు మీద చెయ్యి పెట్టి చూసిండు. పడుకున్న పసిపిల్ల వీపు తీరుగ సన్నగ అదురుతున్నది.

"లోపల చెయ్యి పెట్టకున్రి కాకా, గ్యారంటీ పోతది," అన్నది కృప, మాట మెత్తగ చేసి. "సర్వీసుకు మా కాడికే రావాలె."

గజేందర్ నేల చూపులు చూసిండు. "అన్నా, దసరాకు మాత్రం నీ కాడికే వస్త."

"రా తమ్మీ. కాయ చక్రం కాడ కొడ్త."

కారు కదిలింది. ఎదురుంగ ఉన్న స్పీడ్ బ్రేకరు మీద జీపయితే ఎగిరేది. సౌమ్య తల కొంచెమన్న ఊగలే. మైసయ్య రెండు చేతులు జోడించి, "మల్లన్నా, పిల్లకు సుఖమున్నది, గంతే చాలు," అనుకున్నడు.

జీపు పోయినప్పుడల్లా గజేందర్ మూడో గేరు వేసే చప్పుడు ఇనొచ్చేదాక ఆయన రోడ్డు మీదనే ఉండేటోడు. ఈ కారు చప్పుడు పక్కనున్న చాయ్ హోటల్ దాటకముందే పోయింది. అయినా మైసయ్య చెవి అటే పెట్టి, చానాసేపు నిలబడ్డడు.