చిన్నమ్మ చెప్పిన గడువు

జనగామలో కార్లకు లైట్లు బిగించే మా చిన్నమ్మ బల్బు గాజును ఎప్పుడూ ఒట్టి వేళ్లతో ముట్టుకోలేదు. చెమట అంటితే తొందరగా మాడుతుందని గుడ్డతోనే పట్టుకునేది.

ఒకసారి కొత్తగూడ నుంచి గర్భిణులను దవాఖానకు చేర్చే జీపు డ్రైవరు వచ్చి, ఎక్కువ వెలుగిచ్చే బల్బులు అడిగాడు.

"ఎన్నేండ్లొస్తయ్ అక్కా?"

"ఎంత వెలుగిస్తె గంత జల్ది మాడుతయ్ తమ్మీ. ఏడాదొస్తె గొప్ప."

"ఇంకో దుకాణంల ఐదేండ్లన్నరు."

"అడవితొవ్వల ఆరిపోతే, బండిలున్న తల్లికి వాళ్లు జవాబు చెప్తరా?"

అతడు మామూలు బల్బులే బిగించుకున్నాడు. చిన్నమ్మ ఇంకో జత ఇచ్చి, మార్చడం నేర్పింది.

ఆ వానాకాలం అడవిలో బల్బు ఆరిపోతే అతడే మార్చుకుని, నొప్పులు పడుతున్న ఆమెను మహబూబాబాద్ చేర్చాడు. కాన్పు సంగతి చిన్నమ్మకు ఫోన్లో చెప్పాడు. ఏ బల్బునూ పొగిడి అమ్మని మా చిన్నమ్మ, ఆరోజు వచ్చిన ప్రతి ఒక్కరితోనూ, "మాకు మహబూబాబాద్‌ల ఆడపిల్ల పుట్టింది" అని చెప్పింది.