తెరిచి చూడని జిప్ ఫైలు

సర్వర్ నిండిపోయిందని మా బచేలి స్కూల్లో కంప్యూటర్ ఇన్‌ఛార్జి ఈ రోజు పాత ఫోల్డర్లు సర్దారు. ఒక కమాండ్‌తో ఫోల్డర్‌ను కుదించి జిప్ చేయడం, ఇంకో కమాండ్‌తో అసలుది తీసేయడం. చోటు చాలక ఒక జిప్ మధ్యలోనే ఆగిపోయింది. తీసేసే కమాండ్ మాత్రం ఆగలేదు.

పోయింది నా భార్య ఫోల్డర్. హిందీ ఇంకా అర్థంకాని ఒకటో తరగతి పిల్లల కోసం ఆమె వాళ్లింటి భాష హల్బీలో చెప్పి రికార్డు చేసిన పాఠాలు. ఆమె పోయాక కూడా నిన్నటిదాకా క్లాసులో రోజూ అవే వినిపించారు.

"తీసేసే ముందు జిప్ ఒకసారి తెరిచి చూడలేదా?" అని అడిగాను.

"ఏదో ఎర్రర్ వచ్చింది మాస్టారూ. పురానా డేటాయే కదా అనుకున్నాను. మేడమ్ గారి గొంతు మీ ఫోన్లో ఉండే ఉంటుంది కదండీ?"

"గొంతు నాకుంది, పాఠాలు లేవు. రేపు పొద్దున్న పిల్లలకేం వినిపిస్తారు?"

ఇప్పుడున్న టీచరుకు హల్బీ రాదు. నాకూ రాదు. నా భార్య గీదం సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంది.

సాయంత్రం ఆయన నాకు "సారీ" అని మెసేజ్ పెట్టారు, దండం పెట్టే బొమ్మతో సహా. పిల్లలకు కూడా అదే బొమ్మ చూపిస్తారేమో. నేనింకా జవాబివ్వలేదు. మీరైతే ఏమని రాస్తారు?