నల్లా కాడ మా అత్తమ్మ ఒర్రిన పొద్దు

మొన్న సోమవారం పొద్దుగాల మా అత్తమ్మ పోయింది. సర్కారు దవాఖాన వరండాల, మంచం దొరకకముందే. బొంబాయి పక్కపొంటి కామత్‌ఘర్‌ల మా గల్లీ అంత వచ్చి, "దేవత అసొంటి మనిషి" అని ఏడ్చిన్రు. నాకు ఒళ్లు మండింది. ఆమె దేవత కాదు. కూరల ఉప్పెక్కువైతే "మీ అవ్వ ఇంట్ల గిట్లనే తిన్నరా?" అని గిన్నె నా ముందలికి నూకేది. ఇగ ఏడ్చినోళ్లల్ల సగం మందిని ఆమె సచ్చెదాక మాఫ్ చెయ్యలే. ఎందుకో మీకు చెప్పాలె.

మా బిడ్డకు తలసీమియా. ఒంట్ల రక్తం నిలువదు, నెలనెలా ఎక్కించాలె. నేను మళ్ల నీళ్లు పోసుకున్నప్పుడు, కడుపులున్న పిల్లకు గూడ అదే ఉన్నదో లేదో ముందే చూపిచ్చుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. చెప్పుడు అల్కగనే. దవాఖానకు పోతే ఒకరోజు సాబ్ లేడు, ఇంకోరోజు మిషన్ బంద్. దినాలు పోతున్నయి, కడుపు పెరుగుతున్నది. మా ఆయన బట్ట నేసే సాంచాలు ఇడిచి రాకపోయెటోడు. అత్తమ్మనే నా ఎంబడి.

దవాఖానల చీటీలిచ్చే కిటికీల కూసున్నామె ఒకపాలి, "ఒక్కటి అట్ల పుట్టె, మళ్ల ఎందుకు కంటున్నరు?" అని హిందీల కసిరింది. అత్తమ్మ తెలుగులనే ఎత్తుకున్నది: "నా కోడలు నీ ఇంటికి బిచ్చానికి వచ్చిందా? పరీక్ష చెయ్యి, లేకుంటె చేసెటోళ్ల కాడికి తోలు. నీ తిట్లు తినెతందుకు ఆటో ఎక్కి రాలే." డాక్టర్ గది ముందల నేలమీద కూసుంటే లేపినా లేవలే. ఆఖరికి బొంబాయి పెద్ద దవాఖానకు రాసిచ్చిన్రు.

అక్కడ తేలింది. ఈ పిల్లకు గూడ అదే రోగం. నేను, మా ఆయన వద్దనుకున్నం. ఆ మాట అనెతందుకు ఎంత కష్టమైందో నాకే ఎరుక. అత్తమ్మ ఉంచుకొమ్మనలే, తీయించుకొమ్మనలే. "మోసెటిదానివి నువ్వు" అన్నది, గంతే.

తీయించుకొని ఇంటికొచ్చినంక నల్లా కాడ ఆడోళ్లు మొదలువెట్టిన్రు. ఆడపిల్లని తెలుసుకొని తీయించుకున్ననట. అత్తమ్మ బిందె కింద వెట్టింది.

"నా మనుమరాలికి సూది గుచ్చంగ మీలో ఒక్కరన్న చెయ్యి వట్టుకున్నరా? నా కోడలి కడుపు సంగతి మాట్లాడిన నోట్లె మన్ను వడ!"

నీళ్లు బంద్ అయ్యేదాక ఒర్రింది. ఇంట్లకొచ్చి, "ఊకుంటే ఊరంత డాక్టర్లే" అన్నది. ఆ నోళ్లే సోమవారం దేవత అన్నయి. నేను పండుకొని లేవలేని ఆ దినాలల్ల నాకు అన్నం తినవెట్టింది మాత్రం ఈ దేవత కాని మనిషే.

నల్లా కాడి మాటలన్ని మా బిడ్డ ఇన్నది. ఆ పొద్దే సాయంత్రం అత్తమ్మను అడిగింది: "బాపమ్మా, నాది గూడ పెహలే, పుట్టకముందే తెలిస్తే, నన్నుగూడ వద్దంటుంటిరా?"

అత్తమ్మ లేచి నూనె సీస తెచ్చింది. "నువ్వు లేనప్పటి ఇల్లు నాకు యాదికే వస్తలేదు బిడ్డా. దా, కూసో" అన్నది. చేతులకు కొబ్బరినూనె రాసుకొని, పలచటి ఆ జుట్టును దువ్వి జడ అల్లింది. బయట సాంచాలు కొట్టుకుంటనే ఉన్నయి. జడ ముడి ఏసినంక గూడ, దాని నెత్తిమీదికెల్లి ఆమె చెయ్యి తియ్యలే.