చేతులు ఆగితే కుర్చీ ఖాళీ

గేమక్కకి యాభై ఎనిమిదేళ్లు. ఆ వీధిలో ఆమెని అక్కా అని పిలవని మనిషి ఆమె భర్త ఒక్కడే. ముప్ఫై అయిదేళ్ల కిందట నాలుగు టీవీలు, నాలుగు గేము పెట్టెలు పెట్టి వీధి పిల్లలందరి చేతా ఆటలాడించిన మనిషి ఆమె. ఇప్పుడు ఓ ఆరంతస్తుల భవనం కింది గదిలో అవే పెట్టెలు బాగుచేస్తుంది. కాపురం అదే భవనంలో ఐదో అంతస్తు. చేతిలో పనితనం ఎంతుందో నోట్లో దురుసుతనం అంతుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆ సంగతి దాచుకోదు సరికదా, బిరుదులా చెప్పుకుంటుంది.

షాపు నడిపిన రోజుల్లో ఆమెది ఒకటే రూలు. బయట మెట్ల మీద పాతికమంది పిల్లలు వంతు కోసం కాచుకుని ఉండేవాళ్లు. కాబట్టి కుర్చీ ఎక్కినవాడు ఆడుతూనే ఉండాలి. బటన్లు వదిలేసి కబుర్లు చెప్పినా, దిక్కులు చూసినా ఆమె పైకే ఇరవై అంకెలు లెక్కపెట్టి స్విచ్ కట్టేసేది. ‘చేతులు ఆగితే కుర్చీ ఖాళీ’ అని గోడ మీద ఎర్ర రంగుతో రాయించింది కూడా. వంతు కోసం కూర్చున్నవాళ్లకి అది న్యాయంగానే ఉండేది. దాని వల్ల అన్యాయమైపోయినవాడు ఒక్కడే, వాడు ఆమె సొంత తమ్ముడు.

అప్పుడు వాడికి పన్నెండేళ్లు. మధ్యాహ్నం అక్క అన్నం తినడానికి ఇంటికెళ్తే షాపు మూసి లోపల డబ్బాలో అన్నం తింటూ ఒక్కడూ కాపలా ఉండేవాడు. ఒకరోజు ఆమె తిరిగొచ్చేసరికి వాడి కళ్లు ఇంతింతయి ఉన్నాయి. షాపులో అందరికీ ఇష్టమైన ఆట లాంతరు మనిషి. చేతిలో లాంతరు పట్టుకుని ఎగురుతూ పోయే బుల్లి మనిషి వాడు. ఆటలో మూడో మెట్టుకి వచ్చేసరికి వంతెన విరిగి ఉంటుంది. దాన్ని దాటిన మొనగాడు వీధిలో లేడు.

“లాంతరు మనిషి వెనకటి కాలానికి వెళ్లాడక్కా,” అన్నాడు వాడు. “అక్కడ వంతెన విరగలేదు. వంతెన పక్కనున్న ఈ పెద్ద చెట్టు అక్కడ చిన్న మొక్క. మొక్కని తొక్కేసి తిరిగొస్తే ఇక్కడ చెట్టే లేదు.”

మెట్ల మీది పిల్లలంతా లోపలికి తోసుకొచ్చారు. చూపించమన్నారు. వాడు కూర్చుని, చకచకా ఆడి, లాంతరు మనిషిని వంతెన పక్కనున్న రాతి బల్ల మీద నిలబెట్టి చేతులు తీసేశాడు. ఏమీ జరగలేదు. ఆడరా అని వెనకనుంచి అరుపులు. “ఆగక్కా, కాస్త ఆగు,” అన్నాడు వాడు తల తిప్పకుండా. తమ్ముడైతే మాత్రం రూలు రూలే. ఆమె ఇరవై లెక్కపెట్టింది, స్విచ్ కట్టేసింది. “దిగరా కోతలబాబూ,” అంది.

గది గదంతా నవ్వింది. పేరు జిగురులా అంటుకుంది. బళ్లో అదే పేరు, పనిలో అదే పేరు, చివరికి పెళ్లిలో మైకు పట్టుకున్నవాడు కూడా అదే పేరుతో పిలిచాడు. రానురాను ఆ పిల్లవాడు మాట్లాడటమే తగ్గించేశాడు. పెద్దయ్యాక బుద్ధిమంతుడయ్యాడని అక్క సంతోషించింది.

ఇక మొన్నటి ఆదివారం సంగతి. తమ్ముడికిప్పుడు నలభై ఏడు, ఇరవై రెండేళ్లుగా లిఫ్టు మెకానిక్కు. అక్కని చూడటానికి వచ్చి, ఆమెతో పాటు ఆ భవనం లిఫ్టు ఎక్కాడు. భవనం వ్యవహారాలు చూసే రిటైర్డ్ క్లర్కు గారు కూడా ఎక్కారు. అక్క ఏదో చెబుతూనే ఉంది.

“ఆగక్కా. మాట్లాడకుండా విను,” అన్నాడు తమ్ముడు. చెవి పైకి పెట్టాడు. “గీరుతున్న చప్పుడు. తాడుకి పోగులు లేస్తున్నట్టున్నాయి. కంపెనీవాళ్లని పిలిచి చూపించండి.”

క్లర్కు గారి మొహం పాలిపోయింది. ఆయన గేమక్క వైపు చూశారు. ఆమె నవ్వేసింది. “మావాడి మాట సగం తీసేసి వినాలండీ. చిన్నప్పుడు వెనకటి కాలానికి కూడా వెళ్లొచ్చాడు.”

క్లర్కు గారూ నవ్వారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. తమ్ముడు టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులు లిఫ్టు ఎక్కుతూ దిగుతూనే ఉంది. మోకాళ్లు అరిగిపోయిన గేమక్క భర్త రోజూ నాలుగింటికి అందులోనే దిగి ఆమె గదికి టీ తాగడానికి వస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె ముందు పళ్ల డాక్టరు గారి పాత గేము పెట్టె ఉంది. తెగిన తీగ అతికించి, క్యాసెట్టు అంచుని దూదితో తుడిచి పెట్టింది. లాంతరు మనిషి వచ్చాడు. వేళ్లకి జ్ఞాపకం ఎక్కడికి పోతుంది, చూస్తుండగానే మూడో మెట్టు, విరిగిన వంతెన. అంతలో ఫోను మోగింది. రాతి బల్ల మీద లాంతరు మనిషిని వదిలేసి ఎత్తింది.

“చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావు?” అన్నాడు భర్త.

“రోజూ పెట్టే చోటే.”

“రోజూ ఎక్కడ పెడతావు?”

ఈ చర్చ ఓ నిమిషం పైనే సాగింది. ఫోను పెట్టి తిరిగేసరికి తెర మొత్తం పసుపు రంగు. టీవీ ట్యూబు పని అయిపోయిందనుకుంది. పక్కన ఒక్క చరుపు చరుద్దామని చెయ్యెత్తింది కూడా. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

వంతెన విరగలేదు.

ఏదో పొరపాటని, ఆట ఆపి మొదటినుంచీ మళ్లీ ఆడి బల్ల మీద నిలబెట్టింది. చేతులు మెడ వెనక పెనవేసుకుని కూర్చుంది, ముట్టుకోకూడదని. ఇరవై దాటింది, నలభై దాటింది, ఆటలో సంగీతం నెమ్మదించింది, ఒక్కసారిగా తెర పసుపుబారింది. వంతెన నిండుగా ఉంది. పెద్ద చెట్టు ఉండాల్సిన చోట మోకాలెత్తు మొక్క ఉంది.

వాడు చెప్పినవి మూడు. రెండు నిజమయ్యాయి. కనీసం మూడోదైనా అబద్ధమైతే బాగుండునని ఆమె నిజంగా కోరుకుంది. ఒకటైనా కోత ఉంటే తను మరీ అంత పాపం చేసినట్టు కాదు కదా. మొక్కని తొక్కింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చి మళ్లీ నిలబెట్టింది. నిమిషం గడిచింది. పసుపు పోయి మామూలు రంగులొచ్చాయి, వంతెన విరిగింది, చెట్టు లేదు.

తన షాపులో ఏళ్ల తరబడి ఎన్ని వందలమంది ఆడారో, ఒక్కడికి కూడా ఈ దారి ఎందుకు దొరకలేదో ఆమెకి ఇప్పుడు తెలిసింది. దొరకనిచ్చిందెవరు? ఆడకుండా నిలబడితేనే తెరుచుకునే తలుపది. నిలబడినవాణ్ణల్లా ఆమె దించేసింది. మూసిన షాపులో, ఆమె లేనప్పుడు, అన్నం తింటూ కూర్చున్న పిల్లవాడికి మాత్రం అది తెరుచుకుంది. వాడు ఆగమన్నాడు. ఆగమనడమే కిటుకంతా. దాన్నే ఆమె వినలేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని వాళ్లమ్మ అంటుండేది. ముప్ఫై అయిదేళ్ల నిలకడా, అనుకుంది ఆమె. తన మీద తనకే రోత పుట్టింది. ఇంకెన్నిసార్లు ఆగమన్నాడో అని వెనక్కి వెతుక్కుంటూ పోయి, ఆదివారం దగ్గర ఆగిపోయింది.

గోడ మీద గడియారం నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

భర్తకి ఫోను చేసింది. “లిఫ్టు ఎక్కారా?”

“చెప్పులు వేసుకుంటున్నా.”

“ఎక్కకండి.”

“మరెలా దిగను?”

“దిగకండి.”

లిఫ్టు కిందే ఉంది. తలుపు తీసి, తను కూర్చునే ముక్కాలి పీటని గడప మీద అడ్డంగా పెట్టి, మీటర్ల గదిలోకెళ్లి లిఫ్టు మెయిన్ కట్టేసింది. బయటికొచ్చేసరికి రెండు చేతులా సంచులతో క్లర్కు గారు నిలబడి ఉన్నారు.

“కంపెనీవాళ్లు వచ్చి చూశారా?”

“లేదండీ.”

“మరి ఎవరు చెప్పారు ఆపమని?”

“మా తమ్ముడు.”

“ఆయన మాట సగం తీసేసి వినమన్నది మీరేగా.”

“నా మాట తీసేయండి. మొత్తం తీసేయండి,” అంది గేమక్క.

తమ్ముడికి ఫోను చేస్తే, వాడు అడిగిన మొదటి మాట, “ఎవరికన్నా దెబ్బ తగిలిందా?” అని. లేదు, లిఫ్టు ఆపేశానంది. “ఎవరు చెప్పారు?” అన్నాడు. నువ్వే అంది. “ఎవర్నీ ఎక్కనీకు, కంపెనీవాళ్లని కూడా పిలుస్తున్నా,” అన్నాడు.

అరగంటలో వచ్చాడు. కంపెనీ మనిషి కూడా వచ్చాడు. ఇద్దరూ మెట్లెక్కి పైకెళ్లారు. కింద ఆరంతస్తుల వాళ్లూ చేరి గొణుక్కుంటున్నారు. తమ్ముడు గ్రీజు చేతులతో దిగొచ్చి, క్లర్కు గారికి చెప్పాడు.

“మూడు తాళ్లలో ఒకదానికి పోగులు లేచాయండి. మిగతా రెండూ బాగున్నాయి. పెట్టె పడిపోయేదేం కాదు. కానీ మార్చకుండా నడపకూడదు.”

అంతే. గోరంత కూడా కలపలేదు. ఇంతమంది నోళ్లు తెరుచుకుని వింటుంటే, నేను చెప్పలేదా అని ఒక్క మాట అనొచ్చు, అనలేదు. వీడు ఎప్పుడూ ఏదీ కలిపి చెప్పలేదని ఆమెకి అప్పుడు అర్థమై, నిలబడిన చోటే కళ్లనీళ్లు తిరిగాయి.

వాడి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది. తెర మీద లాంతరు మనిషి బల్ల మీదే ఉన్నాడు, నిమిషానికోసారి కాలాలు మారుతూ ఇప్పుడు మళ్లీ చుట్టూ పసుపు రంగు, పక్కన విరగని వంతెన. తమ్ముడు గ్రీజు చేతులు గాల్లో అలాగే ఎత్తి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

“ఆగమన్నావురా,” అంది ఆమె. “నేను ఇరవై లెక్కపెట్టాను.”

“అరవై రెండు కావాలక్కా,” అన్నాడు తమ్ముడు. “ఆ మర్నాడే మళ్లీ ఆడి లెక్కపెట్టుకున్నా.”

“మరి చెప్పలేదేం?”

“ఇదీ కోతే అంటావని.”

ఆమె కుర్చీ లాగి, తుడిచి, వాడి వెనక వేసింది.