రికార్డు కవరు మీద కుర్చీ

మా తాతగారి వెండి కంచం వెళ్ళి నా బాస్ గిటారు వచ్చింది. బెజవాడ రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాను అమ్ముకుంటుంటే కొన్నాను. కంచం ఊసు మా నాన్నగారు ఎత్తలేదు. గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగే తీగలా అని అడిగారు. మన ఇంట్లో వీణకు ఏడు ఉండేవని గుర్తుచేశారు.

ఇది డెబ్భైల మొదట్లో మాట. చల్లపల్లి అవతల మాకు చిన్న ఎస్టేటు ఉండేది. ఎస్టేటుల రద్దుతో కొంత, దాయాదుల వ్యాజ్యాలతో తక్కినదీ పోయింది. అప్పటికి మేము గవర్నర్‌పేటలో ఒక మేడ మీద అద్దె వాటాలో ఉంటున్నాం. కింద వాటావాళ్ళకు మేము పై వాటావాళ్ళం. చల్లపల్లి వైపునుంచి పనిమీద వచ్చినవాళ్ళకు మాత్రం నేనింకా బాబుగారినే. రెండు పిలుపులకూ పలికేవాణ్ణి.

బాస్ ఎందుకు పట్టుకున్నావని నన్ను చాలామంది అడిగారు. రైల్వే వాళ్ళ డాన్సులకు వాయించే బ్యాండును కిటికీ బయటనుంచి విన్నాను. పాట సాగుతున్నంతసేపూ బాస్ ఉన్నట్టే తెలియదు. ఒక పాట మధ్యలో ఆ వాయించేవాడు చెమట తుడుచుకోవడానికి ఆగాడు. ఉన్నట్టుండి పాట కింద నేల లేనట్టయింది. మిగిలినవాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, కానీ గాలిలో వేలాడుతున్నారు. ఆ సంగతి గ్రహించాక ఇంకో వాయిద్యం నేర్చుకోవాలని నాకు అనిపించలేదు.

రికార్డు కవర్ల మీద ఇష్టం అంతకు ముందునుంచీ ఉంది. మా గ్రామఫోను ఎస్టేటు సామానుతో పాటే పోయింది. కాబట్టి నాకు రికార్డులతో పని లేదు, కవర్లతోనే పని. బెజవాడ ఎండలకు షాపులో రికార్డులు అప్పడాల్లా వంగిపోయేవి. వంగిన రికార్డును ఎవరూ కొనరు. షాపతను వాటి కవర్లు నాకు ఇచ్చేసేవాడు. మా ముందు గది గోడ నిండా ఇంగ్లీషు బ్యాండుల కవర్లు ఉండేవి. ఒకదాని మీద మంచు పడ్డ పొలంలో నాలుగు గొడుగులు, ఒకదాని మీద తలుపు లేని గుమ్మం. వాటిలో చాలావాటి పాటలు నేను ఈనాటికీ వినలేదు. అందువల్ల వాటి మీద నా అభిప్రాయం మారలేదు.

బ్యాండు ఫోటో ఉన్న కవర్లలో బాస్ వాయించేవాడు ఎప్పుడూ చివర ఉంటాడు. ఒక్కోసారి అతని భుజం కవరు అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. దాన్ని నేను తక్కువతనంగా అనుకోలేదు. చివర నిలబడ్డవాడికి మిగతా అందరూ కనబడతారు.

నేను చేరిన బ్యాండు మాస్టారిది. ఆయన మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు, అకార్డియన్ వాయించేవారు, పాడేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరు చల్లపల్లి దగ్గరే, అంటే ఒకప్పుడు మా ఎస్టేటులోదే. డ్రమ్ములు వాయించేవాడు ఆటోనగర్‌లో లారీల షెడ్డులో పనిచేసేవాడు. లీడ్ గిటారు వాయించేది టెలిఫోన్స్‌లో గుమాస్తా. పెళ్ళిళ్ళకూ వినాయక చవితి పందిళ్ళకూ సినిమా పాటలు, చర్చి కార్యక్రమాలకు మాస్టారు స్వయంగా రాసి బాణీ కట్టిన కీర్తనలు. ఇదీ మా పని.

మాకు సొంత వాహనం లేదు. షెడ్డుకు రిపేరుకు వచ్చిన బళ్ళను రోడ్డు మీద తిప్పి చూడాలి కదా, ఆ తిప్పడమేదో మా ప్రోగ్రాము ఉన్న ఊరివైపు తిప్పేవాడు డ్రమ్మరు. అలా ఐసు ఫ్యాక్టరీ వ్యానులో వెళ్ళాం, కోళ్ళ వ్యానులో వెళ్ళాం. వ్యాను మా ఇంటిముందు ఆపి, వెనక తలుపు తీసి పట్టుకుని, "బాబుగారండీ, తమరి దివాణం వచ్చిందండీ" అనేవాడు. నేను ఎక్కేవాణ్ణి. కోళ్ళ వ్యానులో కూడా నిటారుగా కూర్చోవచ్చు.

ఆ రోజుల్లో నాకు వారంలో ఏదైనా పని ఉన్నదంటే అది ఆ బ్యాండే. మిగిలిన రోజులు నాన్నగారూ నేనూ కోర్టు కాయితాలు సర్దుకునేవాళ్ళం.

మాస్టారి సంఘంవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి ఆయన కీర్తనలు నాలుగింటిని రికార్డు చేయించారు. మద్రాసు వెళ్ళి వాయించి వచ్చాం. కవరు సంగతి మాస్టారు నాకు అప్పజెప్పారు. మా గోడ చూసినవాడు ఇంకెవరికి అప్పజెబుతాడు?

ముందు ఫోటో తీయించాలి. వన్ టౌన్‌లో మా తాతగారి కాలంనుంచీ మా కుటుంబానికి ఫోటోలు తీసే స్టూడియో ఉంది. అందరినీ అక్కడికి తీసుకువెళ్ళాను. ఆ ఫోటోగ్రాఫరు ముసలాయన. నన్ను చూడగానే లోపలినుంచి చెక్కిన చేతుల కుర్చీ ఒకటి తెచ్చి మధ్యలో వేశాడు. మా ఇంట్లో ఫోటో అంటే అదే పద్ధతి. పెద్దవాడు కుర్చీలో, తక్కినవాళ్ళు చుట్టూ నిలబడి. కుర్చీ వేశారు, కూర్చున్నాను. గిటారును నిలువుగా నేలకు ఆనించి, పైన చెయ్యి వేయమన్నాడు. మా తాతగారు చేతికర్రతో అలాగే దిగారట. మాస్టారిని నా వెనక నిలబెట్టి, కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఆ చోట మా దివానుగారు నిలబడేవారు. మాస్టారు ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఆయనకు అభ్యంతరం లేదనుకున్నాను.

ఫోటోను కవరు బొమ్మగా వేయడానికి సినిమా హాళ్ళకు హోర్డింగులు రాసే ఆర్టిస్టును కుదిర్చాను. రంగులు అతనంత ధైర్యంగా ఎవరూ వేయరు. ఫోటో అతని చేతిలో పెట్టి, బ్యాండు మొత్తం రావాలని చెప్పాను. అతని వృత్తిలో ఒక నియమం ఉంది. మధ్యలో ఉన్నవాడు హీరో. హీరో ముఖం పెద్దదిగా ఉండాలి, మిగిలినవాళ్ళు చుట్టూ చిన్నగా సర్దుకోవాలి. అతను బొమ్మను నేరుగా ప్రెస్సుకు ఇచ్చాడు.

కవర్ల కట్ట మాస్టారి ఇంట్లో విప్పాం. కవరు నిండా నా ముఖమే. ఒక చెంప గులాబి, ఒక చెంప ఆకుపచ్చ. నాకు లేని మీసపు మెలికలు. గడ్డం కింద కుర్చీ చేతులు మాత్రం చెక్కుడుతో సహా వచ్చాయి. డ్రమ్మరు, గుమాస్తా నా చెవులకు అటొకరూ ఇటొకరూ ఉన్నారు. బొమ్మలో పనితనానికి వంక పెట్టడానికి లేదు.

డ్రమ్మరు కవరును దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికాడు. "మాస్టారూ, మీరిక్కడున్నారండోయ్. బాబుగారి కాలరు కింద."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. అగ్గిపుల్ల తలంత ఉన్నారు. బాగుందన్నారు. రంగులు బాగా కుదిరాయన్నారు. లోపలికి వెళ్ళి మాకు టీ తెచ్చారు. మళ్ళీ అచ్చు వేయించే స్తోమత సంఘానికి లేదని అందరికీ తెలుసు.

రికార్డు బయటికి వచ్చింది. కంకిపాడులో ఒక పెళ్ళికి వెళితే పెళ్ళికూతురి మేనమామ నా చేతులు పట్టుకుని, మీ గొంతులో తేనె ఉందండీ అన్నాడు. నేను పాడనని చెప్పాను. వినయం కూడా ఉందన్నాడు. మాస్టారు పక్కనే అకార్డియన్ పట్టీ బిగించుకుంటున్నారు. ఇంకోచోట ఒక పాస్టరుగారు నన్ను కౌగిలించుకుని, బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారని అడిగారు. తీసుకోలేదన్నాను. అదీ జరుగుతుందిలెండి అన్నారాయన. మాస్టారు వ్యానులో ఆ మాట తలుచుకుని నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

కొన్నాళ్ళకు మాస్టారి సొంత ఊళ్ళో, ఆయన చిన్నప్పుడు పాడడం నేర్చుకున్న చర్చి ఆవరణలో ఆ కీర్తనలు పాడమని పిలిచారు. ముందురోజు ఆయన మా వాటాకు వచ్చారు. గోడ మీద కవర్ల వైపు చూస్తూ నిలబడే మాట్లాడారు.

"బాబుగారండీ, మా అమ్మ మీ కళ్ళాల్లో ధాన్యం ఎగరబోసింది. మా ఊళ్ళో ఈనాటికీ మీరొస్తే కుర్చీ వేస్తారు. వేస్తే మీరు కూర్చుంటారు. మీరు కూర్చుంటే నేను మళ్ళీ వెనకాల నిలబడాలి. ఇంకెక్కడైనా నిలబడతానండి, మా అమ్మ ముందు మాత్రం నిలబడను. రేపు మీరా కుర్చీలో కూర్చుంటే ఎల్లుండినుంచి బాస్‌కి వేరేవాళ్ళను చూసుకుంటాను. ముందే చెప్పడం మర్యాదని వచ్చాను."

వేసిన కుర్చీని కాదంటే ఊరిని అవమానించినట్టవుతుందని చెప్పాను. అది మాట వరసకు చెప్పింది కాదు. మా నాన్నగారు ఆ ప్రాంతాల్లో ఒక ఇంట్లో కుర్చీ వద్దన్నందుకు ఆ ఇంటాయన రెండేళ్ళు మా గడప తొక్కలేదు. మాస్టారికీ ఆ సంగతి తెలుసు. అది మీరే తేల్చుకోవాలండి అని చెప్పి మెట్లు దిగారు. ఆ సాయంత్రం గిటారు తీసి అన్ని కీర్తనలూ మొదటినుంచీ వాయించుకున్నాను. ఎల్లుండి అది ఏ పనికి వస్తుందో ఆలోచించకుండా ఉండడానికి చూశాను.

మరునాడు బ్రెడ్డు కంపెనీ వ్యానులో వెళ్ళాం. మధ్యాహ్నం ఎండ తగ్గాక కార్యక్రమం. చర్చి ముందు తాటాకు పందిరి వేసి, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లారు. అడుగు వేస్తే బురద అంటుకుంటోంది. చాపలు పరిచి ఉన్నాయి గానీ ఒక్కరూ కూర్చోలేదు. ఊరంతా నిలబడే ఉంది. అప్పుడు మా దివాణంలో పూర్వం బంట్రోతుగా చేసిన ముసలాయన కుర్చీ మోసుకుంటూ వచ్చాడు. అది నేనెరిగిన కుర్చీయే. మా ఎస్టేటు కచేరీ గదిలోది, వేలంలో పోయింది. దాన్ని అకార్డియన్ మైకుకు ముందు, సరిగ్గా మధ్యలో వేసి, పైపంచెతో తుడిచి పక్కకు తప్పుకున్నాడు.

నేను కూర్చుంటే గాని ఊరు కూర్చోదు. ఊరు కూర్చుంటే గాని పాట మొదలవదు. ముందు వరస చాప దగ్గర తెల్లచీర కట్టుకుని మాస్టారి తల్లి నిలబడి ఉంది. మాస్టారు అకార్డియన్ బొత్తాలు చూసుకుంటున్నారు. నా వైపు చూడలేదు.

డ్రమ్మరు అప్పటికే వైర్లు కలిపాడు. నేను తీగ మీద చెయ్యి వేయగానే కరెంటు చేతిలోకి కొట్టింది. నా ఆంప్లిఫయర్ పెట్టె తడినేల మీద ఉంది. దాన్ని ఏదైనా చెక్క మీదికి ఎత్తాలి. చుట్టూ చూశాను. బల్ల లేదు, పీట లేదు.

కుర్చీని మధ్యలోనుంచి తీసి, వెనక నేను నిలబడే మూలకు తెచ్చి, పెట్టెను ఎత్తి అందులో పెట్టాను. చక్కగా పట్టింది. ఆ చేతుల మధ్య మా తాతగారు కూడా అంత నిండుగా కూర్చుని ఉండరు.

ఊరు కదలలేదు. ముసలాయన దగ్గరికి వచ్చి, "మరి తమరు, బాబుగారూ?" అన్నాడు.

"నాది నిలబడి వాయించే వాయిద్యం," అన్నాను.

ఆయన కుర్చీనీ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. కుర్చీని నేను కాదనలేదు, నా పెట్టె అందులో ఉంది. అందులో తప్పేమీ ఆయనకు కనిపించినట్టు లేదు. వెనక్కి తిరిగి, కూర్చోండర్రా అని చేత్తో సైగ చేశాడు. ఊరు కూర్చుంది. నాకోసం తెచ్చిన బంతిపూల దండ చర్చి పెద్ద చేతిలో ఉండిపోయింది. దాన్ని ఎవరికి వేయాలో ఆయనకు తోచక పెట్టెకు వేశారు.

మాస్టారు ముందుకు వెళ్ళి మైకు దగ్గర నిలబడి పాడారు. ఆయనకూ జనానికీ మధ్య ఎవరూ లేరు. నేను ఆయన వీపు వెనక, పందిరి గుంజ పక్కన ఉన్నాను. నేను తీగ మీటినప్పుడల్లా పెట్టె అదిరి బంతి రేకులు రాలుతున్నాయి. ఆ పాత టేకు కుర్చీ మీద పెట్టె ధ్వని ఎన్నడూ లేనంత నిండుగా వచ్చింది. ఆ మాట వృత్తిపరంగా చెబుతున్నాను.

అయిపోయాక ఎవరో రికార్డు తెచ్చి మాస్టారి తల్లి చేతిలో పెట్టారు. ఆవిడ నా ముఖం కేసి ఒకసారి, కవరు కేసి ఒకసారి చూసింది. "ఒరే, ఇందులో నువ్వేడిరా?"

మాస్టారు గోటితో చూపించారు. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "మరీ ఇంత చిన్నగా ఏశాడేంట్రా, ఆకలికి మాడ్చినట్టు" అంది. కవరు తిరిగి ఇవ్వలేదు. చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.

తిరుగు ప్రయాణంలో మాస్టారు నా పక్కన బ్రెడ్డు ట్రేల మీద కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆయన డ్రమ్మరును తిట్టేవారు, గుమాస్తాను విసుక్కునేవారు. నా వాయింపు గురించి మాత్రం మంచీ చెడూ ఏనాడూ ఒక్క మాట అనేవారు కాదు. ప్రోగ్రాము అయ్యాక నాతో ఎండ గురించో వాన గురించో మాట్లాడేవారు. అది గౌరవమని అనుకునేవాణ్ణి. వ్యాను కంకిపాడు దాటాక గొంతు సవరించుకున్నారు.

"బాబుగారండీ, రెండో కీర్తనలో చరణం దగ్గర మీరు తాళం దాటి పరుగెత్తారండి."

నేను పరుగెత్తలేదని, డ్రమ్మరు వెనకబడ్డాడని చెప్పాను. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న డ్రమ్మరు తల తిప్పకుండా, "మధ్యలో నన్నెందుకు లాగుతారండీ" అన్నాడు.

"వాడు కాదు, మీరే," అన్నారు మాస్టారు. "మద్రాసులోనూ అక్కడే పరుగెత్తారు. ఆదివారం కాస్త ముందుగా రండి, ఆ చరణం ఒక్కటీ కూర్చుని బాగుచేద్దాం."

ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.